స్కాట్లండు కొండదారిలో మా యింటిబండి

మా అమ్మాయి ఎడింబరో నగరమున కాపురముండబట్టి యేడేండ్లైనది. ప్రతి వేసవియందును “అమ్మా, ఒక్కసారి వచ్చి ఈ ఉత్తరపు కొండలు చూచిపో” యని పిలుచుచునే యుండెను. ఇల్లు విడిచి కదలుటకు మనసొప్పక నేను జాగు చేయుచుంటిని. మొన్నటి వేసవికి ముందు మనుమరాలు తానే ఫోనులో “అమ్మమ్మా, మాకు చక్రాలున్న ఇల్లు వచ్చింది” అని చెప్పుటతో ఇంక ఆగలేకపోయితిని.

చక్రములుగల ఆ యింటిని అచ్చట క్యాంపరు వ్యాను అందురు. మన ఊళ్లలో పెండ్లివారిని తరలించు వ్యానంత యుండును. లోపల రెండు మంటల పొయ్యి, మూరెడు గట్టు, గిన్నెలు కడుగుకొనుటకు చిన్నతొట్టి, పగలు బల్లయై రాత్రి మంచమగు ఆసనము, గొడుగువలె పైకెత్తిన లేచు కప్పు, అన్నియు అమర్చి యున్నవి. ఉప్పు, పప్పు, ఆవకాయ జాడీ పెట్టుకొనుటకు అరలు సైతము గలవు. మా అల్లుడుగారు వసంతకాలమున దానిని కొనిరి. బండికి ముప్పదియేండ్లు దాటినవి. ఎందఱి చేతులు మాఱినదో! అయినను వారు ప్రతి ఆదివారమును దానిని తుడిచి, రంగువేసి, మా అమ్మాయిచేత పూలతెరలు కుట్టించి, క్రొత్తకోడలివలె చూచుకొనుచుండిరి.

జూలై నెలలో బయలుదేరితిమి. నగరము దాటగానే ఫోర్తు నదీముఖము. అచ్చట మూడు వంతెనలు ప్రక్కప్రక్కనే యున్నవి. మేము పోయినది 2017లో తెఱచిన క్రొత్తవంతెనమీదుగా. కుడిప్రక్కన, 1890లో పూర్తియైన యెఱ్ఱని రైలువంతెన మూడు మహాగజములు తొండములు చాచి నిలిచినట్లు కనబడెను. పెర్తు పట్టణము దాటినపిదప దారి క్రమముగా కొండలలోనికి ఎక్కును. డ్రుమాక్టరు కనుమ సముద్రమట్టమునకు 460 మీటర్ల యెత్తున నున్నది. మనకిది పెద్ద యెత్తు కాదు; కాని అచ్చట చెట్టన్నది లేదు. ఊదారంగు పొదలు, మంచువంటి మబ్బు, సన్నని జడివాన. ఆషాఢమాసమున మనకు చెమటలు పోయునప్పుడు నేనచ్చట శాలువ కప్పుకొని కూర్చుంటిని. కిటికీలన్నియు మూసితిమి.

ఆ కనుమయెక్కునప్పుడే మనుమరాలు నా యొడిలో తలపెట్టి, “అమ్మమ్మా, తల నొప్పిగా ఉందే” అనెను. ఏడేండ్ల పిల్ల. ప్రొద్దున సరిగా తినలేదని తల్లి యనెను. కొండదారి త్రిప్పటయని తండ్రి యనిరి. నేనును అట్లే తలచి అల్లముముక్క నోటబెట్టితిని. అయినను మనసు నిలువక, నా సంచిలోని వ్రేలిసాధనమును తీసి దాని వ్రేలికి తగిలించితిని. 2020, 2021 సంవత్సరములలో కోవిడు కాలమున మన యింటింటికిని చేరిన సాధనమే యది. అందు 98 అని కనబడెను. “ఇంకేమి, నిక్షేపముగా ఉన్నది” అని నెమ్మదించితిని. ఆ 98 నన్నెంత మోసపుచ్చినదో ముందు చెప్పెదను.

సాయంకాలమునకు ఇన్వర్నెస్సు చేరి, నదియొడ్డున బండి నిలిపితిమి. పిల్ల దిగి గంట తిరిగినదో లేదో తలనొప్పి మాయమై, పప్పన్నము రెండు మార్లు పెట్టించుకొని తినెను. అచ్చట ఆ కాలమున రాత్రి పదిగంటలకును వెలుతురుండును. వెలుతురులో పిల్లను నిద్రపుచ్చుట యెంత కష్టమో తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మఱునాడు ప్రొద్దున అల్లుడుగారు బండిని కదల్చగానే అడుగునుండి “టుప్పు టుప్పు” మని ఒక చప్పుడు వినవచ్చినది. పది నిముషములకు అది సన్నగిల్లినది. నేనడుగకయే వారు వెనుదిరిగి చూచి, “పాతబండి కదండీ అత్తయ్యగారూ, ప్రొద్దున కాస్త దగ్గుతుంది. పొగగొట్టానికి మొన్ననే కట్టు కట్టాను” అనిరి. కారుసామానుల దుకాణములో దొరకు ఒక విధమైన పట్టీని తెచ్చి, పైన పిండివంటి మందు పూసి, గొట్టమునకు చుట్టిరట. నేను నవ్వి ఊరకుంటిని. అల్లుని ముచ్చటైన వస్తువునకు అత్త వంక పెట్టుట మన యిండ్లలో మర్యాద కాదుగదా.

ఇన్వర్నెస్సునుండి పడమటి తీరమునందలి ఉల్లాపూలు పట్టణమునకు తొంబది కిలోమీటర్లకు పైచిలుకు. మరల వాన. చలిగా నున్నదని అమ్మాయి వెచ్చనిగాలి మర త్రిప్పెను. బండి గ్లాస్కార్నకు చెఱువుప్రక్కగా పోవుచుండగా పిల్ల మరల తలపట్టుకొని యేడ్వసాగెను. వాంతి వచ్చునట్లున్నదనెను. ముందు కూర్చున్న అమ్మాయికిని కడుపులో త్రిప్పుచున్నదట; తాను పటము చూచుచుండుటచే నని తలచెను. నాకును కన్నులు మూతపడుచు, తల దిమ్ముగా నుండెను. మువ్వురకును ఒకేమాఱు త్రిప్పట యేమి?

ఇంతలో కోరిషాలక్ లోయ వచ్చినది. బండినాపి దిగితిమి. కొండను కత్తితో చీల్చినట్లు సన్నని లోతైన లోయ; అందులోనికి 46 మీటర్ల యెత్తునుండి నీరు దుముకుచున్నది. దానిపైన వ్రేలాడు చిన్నవంతెన గలదు. నిన్న మేము చూచిన యెఱ్ఱని మహావంతెనను కట్టిన యింజనీర్లలో ఒకడైన జాన్ ఫౌలరే, అప్పుడీ భూములకు యజమానియై యుండి, 1874లో దీనిని కట్టించెను. ఒకసారికి ఆఱుగురికి మించి ఎక్కరాదు. కాలు మోపగానే ఊగును. నేను ప్రక్కత్రాడు పట్టుకొని “రామరామ” యనుచుండగా పిల్ల అటునిటు పరుగులెత్తి పకపక నవ్వుచుండెను! అరగంటక్రితము యేడ్చిన పిల్ల యిదేనా?

ఆ నవ్వు విని నా గుండె జల్లుమన్నది. మా అమ్మమ్మ మాట జ్ఞప్తికి వచ్చినది. మా యింట పురుడు వచ్చినప్పుడెల్ల బాలింతరాలిగదిలో బొగ్గుల కుంపటి పెట్టుట వాడుక. అమ్మమ్మ ప్రతిరాత్రియు వచ్చి మూసిన తలుపును ఓరగా తీయించెడిది. చలిగాలి తగులునని ఎవరైన ననిన, “గాలి తగిలితే పడిశం పడుతుంది, తలుపు మూస్తే బిడ్డ లేవదు” అనెడిది. కుంపటిగదిలో తలనొప్పి, వెలుపలికి వచ్చిన తగ్గుట! మా బండియు మూసినగదియే. దానియడుగున నిప్పు మండుచునే యున్నది.

అయినను మాట పెదవి దాటుటకు కొంతసేపు పట్టినది. వారు చదువుకొన్నవారు, బండి వారి ప్రాణము, నేను చూడవచ్చినదాన నైతిని. వంతెన దిగి వచ్చుచు చివరకు, “బాబూ, నాకు యంత్రముల సంగతి తెలియదు. కాని పిల్ల బండిలో ఉన్నంతసేపే బాధపడుచున్నది. ఆ గొట్టము పొగ లోపలికి వచ్చుట లేదుగదా?” అని యడిగితిని.

వారు మొదట నవ్విరి. “పొగవాసనే లేదే అత్తయ్యగారూ!” అనిరి. మఱుక్షణమున వారి ముఖము వెలవెలబోయినది. వాసనలేనిదే ఆ వాయువని వారికి నాకంటె బాగుగా తెలియును.

దాని పేరు కార్బన్ మోనాక్సైడు. బొగ్గుగాని, పెట్రోలుగాని, వంటగ్యాసుగాని చాలినంత గాలిలేక మండునప్పుడు పుట్టును. రంగు లేదు, వాసన లేదు, కన్నులు మండవు, దగ్గు రాదు. మన రక్తములోని యెఱ్ఱకణములు ప్రాణవాయువును మోయుచుండునుగదా. ఈ వాయువు వానిని అంతకు రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. రక్తము పాఱుచునే యుండును, ప్రాణవాయువు మాత్రము అందదు. మొదట తలనొప్పి, తరువాత వికారము, మగత, పిదప నిద్రలోనే ప్రాణాపాయము. పిల్లలు పెద్దలకంటె వడిగా ఊపిరి తీయుదురు గావున వారికి ముందు తగులును. నా వ్రేలిసాధనము సంగతియు తరువాత వైద్యురాలు చెప్పినది: ఈ వాయువు పట్టిన రక్తమును అది ప్రాణవాయువుతో నిండిన రక్తముగా నెంచి మంచి అంకెనే చూపునట! ఈ విషమునకు దానిని నమ్మరాదు. రక్తపరీక్షగాని, అందులకై చేసిన ప్రత్యేకసాధనముగాని కావలెను.

అచ్చట సందర్శకులకై ఇటీవల కట్టిన చిన్నశాలలో పిల్లను కూర్చుండబెట్టి, బండి చల్లారినపిదప అల్లుడుగారు మైదానమున దానిని మరల కదల్చిరి. ప్రొద్దుటి చప్పుడే గట్టిగా వినవచ్చెను. నేలపై పడుకొని అడుగున చూడగా, వారు కట్టిన పట్టీ అంచున కాటుకవలె నల్లనిమసి. ఇంక ఆ బండిలో పిల్లను ఎక్కనీయనని నేనంటిని. ఎక్కించనని వారును అనిరి. దారిలో చెడిన బండ్లను తీసికొనిపోవు సంస్థవారికి ఫోను చేసి, రెండుగంటలకు పైగా వేచి, చివరకు మా యింటిబండి ఒక లారీ వీపుపై నెక్కగా, మేము నలుగురము లారీముందర నొదిగి కూర్చుండి ఉల్లాపూలు ప్రవేశించితిమి. ఊరేగింపు బాగుగనే యున్నదని పిల్ల సంతోషించెను.

తిన్నగా వైద్యశాలకు పోయితిమి. వైద్యురాలు మమ్మందఱను పరీక్షించి, భయము లేదని చెప్పి, రాత్రి గమనించవలసిన గుఱుతులు తెలిపినది. మంచిగాలి పీల్చుచున్నచో రక్తములోని వాయువు నాలుగైదు గంటలకు సగమగునట. ఆ రాత్రి బసలో నేను రెండుగంటలకొకసారి లేచి పిల్ల ఊపిరి చూచితిని. నేను లేచునప్పటికే దాని తండ్రి అచ్చట కూర్చుండియుండిరి. మేమేమియు మాటలాడుకొనలేదు.

మఱునాటినుండి రెండు దినములు ఉల్లాపూలే మా మజిలీ యైనది. బ్రూము అఖాతపు టొడ్డున సున్నము వేసిన యిండ్లు ఒకే వరుసగా నిలిచియుండును. ఈ ఊరు తానుగా పెరిగినది కాదు. హెఱ్ఱింగు చేపల వేటకై 1788లో బ్రిటిషు మత్స్యసంస్థవారు కొలతలువేసి కట్టించినది. ఇచ్చటినుండి స్టోర్నవే పట్టణమునకు పెద్ద ఓడ పోవును. స్టోర్నవేవంటి రేవులనుండి పూర్వము ఆడుపిల్లలు గుంపులుగా బయలుదేరి, చేపలగుంపుల వెంట రేవురేవునకు పోయి, ఇంగ్లండులోని యార్మతువఱకును, చేపలు కోసి ఉప్పువేసి పీపాలకెత్తుచుండిరి. కత్తిగాటులలోనికి ఉప్పు దిగకుండ వ్రేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకొనుచుండిరట. పని లేనప్పుడు నడచుచునే ఉన్ని అల్లుచుండిరట. మన తీరమున ఎండుచేపల పనిచేయు స్త్రీలు నాకు తలపునకు వచ్చిరి.

మరమ్మతుశాల ఊరిచివర. యజమాని వృద్ధుడు, మితభాషి. అల్లుడుగారు కట్టిన పట్టీని చూచి ఏమియు ననక, కత్తితో కోసి నాకు చూపి నవ్వెను. కురుపు కడుగకయే పట్టువేసినట్లున్నది. తరువాత ఆతడు చేసినపని చూచి నేను ఆశ్చర్యపడితిని. ఇంజను చల్లగా నున్నప్పుడే ఒక సీసాలోని సబ్బునీటిని గొట్టపు అతుకుమీద చల్లి, బండిని కదల్చుమనెను. అతుకుచుట్టు బుడగలే బుడగలు! మనము వంటగ్యాసు సిలిండరు మార్చినప్పుడు రెగ్యులేటరుచుట్టు సబ్బునీరు రాచి చూచు ఉపాయమే కదా. గొట్టము కాలినతరువాత ఇనుము ఉబ్బి సందు కొంత మూసికొనును; అందువలననే ప్రొద్దుటి దగ్గు పది నిముషములకు తగ్గుచుండినది. చప్పుడు తగ్గినంతమాత్రమున వాయువు ఆగినట్లు కాదని ఆతడు చెప్పెను.

ఇంజనునుండి వచ్చు గొట్టమును, చప్పుడు నణచు సైలెన్సరును కలుపుచోట రెండు రేకుబిళ్లలు ఎదురెదురుగా నుండి, నడుమ ఒక గ్యాస్కెట్టు ఉండును. దీనినే మన మెకానిక్కులు ప్యాకింగందురు. అది కాలి సగము పొడియై పోయినది. బిగించు మూడు బోల్టులలో ఒకటి లేనేలేదు. ఒకటి త్రుప్పుపట్టి దర్భపుల్లవలె సన్నమైనది. చలికాలమున మంచు కరుగుటకై అచ్చటి రోడ్లమీద ఉప్పు చల్లుదురు. బండ్ల యడుగుభాగమును తినివేయునది ఆ యుప్పే. కాని అసలు కారణము వేఱొకటి యని ఆతడు చూపెను. సైలెన్సరును బండికి వ్రేలాడదీయు రబ్బరుచుట్టలు ఎండి తెగిపోయినవి. దాని బరువంతయు ఈ అతుకుమీద పడి, ప్రతి గోతికిని ఊగుచు దానిని వదలుచేసినది. రబ్బరును మార్చక ఎన్ని ప్యాకింగులు వేసినను నిలువదట.

మఱి అడుగునుండి లోనికి వాయువు ఎట్లు వచ్చినది? గిన్నెలు కడుగు తొట్టిలోని మురికినీరు పోవుటకై, మునుపటి యజమాని యెవరో నేలకు తూటు పొడిచి గొట్టము దింపిరి. ఆ తూటుచుట్టునుండిన రబ్బరు ఊడిపడి రెండంగుళముల సందేర్పడినది. సరిగా పిల్ల కూర్చుండు ఆసనముక్రింద! నేను రెండుదినములు అచ్చటనే గిన్నెలు కడిగితిని, ఆ సందునుండి వచ్చు చల్లనిగాలి కాలికి తగులుచునే యుండెను. వెనుకతలుపు అంచు రబ్బరును పగిలియున్నది. డబ్బావంటి బండి ముందునకు పోవునప్పుడు వెనుక గాలి సుడితిరిగి పొగను లోనికి లాగునట. పైగా పాతబండి గావున పొగను శుద్ధిచేయు పరికరము దీనికి లేదు. బ్రిటనులో అది క్రొత్త పెట్రోలు కార్లకు 1993నుండి గాని తప్పనిసరి కాలేదు.

బోల్టులకు నూనె పోసి ఒకరాత్రి నాననిచ్చిరి. అయినను ఒకటి విరిగినది. దానిని మంటతో కాల్చి, డ్రిల్లుతో తొలిచి తీయుటకు మధ్యాహ్నమంతయు పట్టినది. ఇన్వర్నెస్సునుండి సామానులు వచ్చినవి. రేకుబిళ్లల ముఖములను తీగెకుంచెతో తోమి, ఆకురాయితో చదునుచేసి, క్రొత్తప్యాకింగు పెట్టి, మూడు బోల్టులను ఒక్కొక్కటిగా కాక, తలా కొంచెము త్రిప్పుచు సమముగా బిగించెను. పెద్ద అరిసెను రెండు చట్రముల నడుమ నొత్తునప్పుడు ఒకవైపే నొక్కిన అది విఱుగదా, అట్లే. క్రొత్తరబ్బరులు తగిలించెను. నేలతూటు మూసెను. తిరిగి బండి కదల్చి సబ్బునీరు చల్లగా ఒక్కబుడగయు లేదు. అల్లుడుగారు తామే పడుకొని రెండవమాఱు చల్లి చూచిరి. పిల్ల మూడవమాఱు చల్లెను, అది ఆటకై.

ఆ మెకానిక్కే ఒక అఱచేతియంత తెల్లపెట్టెను గూర్చి చెప్పి కొనిపించెను. కార్బన్ మోనాక్సైడు గాలిలో చేరగానే అది గట్టిగా కూయును. ఇటువంటి బండ్లకును పడవలకును తగినవి వేఱుగా చేయుదురు. పూర్వము గనులలో ఈ పనిని పంజరములోని క్యానరీపిట్ట చేసెడిది. మనుష్యులకంటె ముందది సొమ్మసిల్లినచో గనివారు పరుగెత్తెడివారు. ఆ యుపాయమును చెప్పినవాడు మా అమ్మాయి కాపురమున్న ఎడింబరోలోనే 1860లో పుట్టిన జాన్ స్కాట్ హాల్డేను. ఈ విషవాయువును తానే పీల్చి, తన శరీరమున కలుగు మార్పులను వ్రాసికొని 1895లో ప్రకటించిన సాహసి. బ్రిటిషు గనులలో పిట్టలకు 1986లో గాని విడుదల దొరకలేదు. ఆతని కుమారుడు జె.బి.యస్. హాల్డేను మనదేశమునకు వచ్చి, భారతపౌరుడై, 1964లో మన పొరుగుననున్న భువనేశ్వరమున కన్నుమూసెను. ఆ పేరు అచ్చట విన్నప్పుడు నాకు బంధువు కనబడినట్లైనది.

మూడవనాడు వాన వెలిసినది. బండి నిశ్శబ్దముగా ఉత్తరమునకు సాగెను. నాకన్ గుట్టకడ దిగి, ప్రాచీనశిలలు తమకంటె చిన్నవానిపై ఎక్కి కూర్చున్న వింతను చూచితిమి. 1907లో పీచు, హార్ను అను భూగర్భశాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు వృత్తాంతమును పెద్దగ్రంథముగా ప్రకటించిరి. ఆసింటు చెఱువునొడ్డున పాడువడిన కోట యెదుట ఆ రాత్రి బండి నిలిపితిమి. పిల్లకు ఆ రోజంతయు తల నొప్పి యన్నమాట లేదు. దారిపొడుగున పాడుచునే యుండి మా తలలకు నొప్పి తెచ్చినది.

భోజనములైన పిదప అల్లుడుగారు తెల్లపెట్టె మీట నొక్కి, అది కూయుట విని, గోడకు బిగించిరి. తరువాత కిటికీ నాలుగంగుళములు తీసి, నావైపు తిరిగి, “ఓరగా ఉంచాను అత్తయ్యగారూ, చలి వేస్తే ఇంకొక దుప్పటి ఉంది” అనిరి.